మాస్టారి నడక

మాస్టారు పోయారన్న కబురు నాకు బస్సులో, కంకిపాడు దాటుతుండగా తెలిసింది. పామర్రులో ఇంటి నుంచి బెజవాడలో ఉద్యోగానికి నేను రోజూ వెళ్ళే బస్సే. మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, మన డ్రాయింగ్ మాస్టారు తెల్లవారుజామున పోయారు, సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తారట అని. నిమిషంలో ఆ మాట కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. ఒకతను మాస్టారి పాత కార్టూను ఒకటి పెట్టాడు. ఇంకొకామె "మనకి నడక నేర్పింది ఆయనే" అని రాసింది. అక్కడికి వచ్చేసరికి నేను ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటులో ఆవిడ ఒంట్లో బాలేదా అని అడిగితే ఎండ అని చెప్పాను. పొద్దున్న ఎనిమిదింటికి ఎండేమిటో ఆవిడకి అర్థమై ఉండదు.

గ్రూపులో అందరూ ఏదో ఒకటి రాశారు. నేను మాత్రం ఏమీ రాయలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు వారి మంచి చెప్పడం ఆనవాయితీ. మాస్టారి విషయంలో దానికి కరువేం లేదు, చెబుతాను కూడా. కానీ ఆయన పట్ల నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాచి ఆయన మంచిని మాత్రం తలుచుకుంటే అది దొంగ ఏడుపు అవుతుంది. ఇది చదివాక మీకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

నలభై దాటిన పాఠకులకి ఆయన పేరు గుర్తు లేకపోయినా బొమ్మలు గుర్తుంటాయి. ఒక దినపత్రికలో మొదటి పేజీ అడుగున, ఎడమ మూల, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద గడిలో రోజూ ఒక కార్టూను వేసేవారు. మంత్రులు, కలెక్టర్లు, కాంట్రాక్టర్లు, వాళ్ళ వెనక ఎప్పుడూ ఒక బక్క రైతు. పత్రికలో రిటైరయ్యాక ఏలూరు రోడ్డులో ఒక మేడ మీది యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో డ్రాయింగ్ చెప్పడానికి చేరారు. నేను ఆయన్ని ఎరిగింది అక్కడే.

మాది నేత కుటుంబం. తాతయ్య మగ్గం నేశారు, నాన్న పామర్రులో బట్టల కొట్టు పెట్టుకున్నారు. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటర్ మీద బొమ్మలు కదిలించే చదువు చదువుతానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ పెద్దగా తెలియదు. సినిమాల్లో డ్రాగన్లు ఎగురుతాయి కదా, అలాంటివి చేస్తాననుకున్నాను.

మొదటి రోజు ఇరవై మందిమి కొత్త కంప్యూటర్ల ముందు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాం. లిఫ్టు పని చేయదు. మూడంతస్తులూ ఎక్కి, గుమ్మంలో కాసేపు ఆగి ఊపిరి తీసుకుని, మాస్టారు లోపలికొచ్చారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆయన ఎడమ కాలు సన్నబడిపోయింది. కర్ర వాడేవారు కాదు. మెట్ల మీద మాత్రం కుడి చెయ్యి గోడకి ఆనించేవారు. ఆ వేళ్ళకి ఎప్పుడూ పెన్సిలు మసి ఉండేది కాబట్టి మెట్ల గోడ పొడుగునా ఒక బూడిదరంగు చార పడింది. ఓనరు ఒకసారి వెల్లవేయించారు. నెల తిరక్కుండానే చార మళ్ళీ వచ్చింది.

వస్తూనే ఆ టీవీలు కట్టెయ్యమన్నారు. కంప్యూటర్లని ఆయన చివరిదాకా టీవీలనే అన్నారు. సంచీలోంచి పాత శుభలేఖల కట్ట తీసి మనిషికొకటి పంచారు. వాటి వెనక ఖాళీ వైపున ఆయన పాత కార్టూన్లు అతికించి ఉన్నాయి. ఆయన సొంత బొమ్మలు కూడా అలా శుభలేఖల వెనకే వేసుకునేవారు. పెళ్ళిళ్ళు జరిగినన్నాళ్ళూ తనకి కాగితం కొదవలేదనేవారు.

నాకొచ్చిన బొమ్మ ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఎండిపోయిన కాలువ గట్టు మీద మంత్రిగారు నీళ్ళు వదిలే ఉత్సవం చేస్తూ కొబ్బరికాయ కొట్టబోతున్నారు. చెయ్యి పైకి లేచి ఉంది. పక్కన రైతు, ఆ కాయలో నీళ్ళయినా దక్కుతాయని కింద చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఈ క్షణానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరుగుతుందో గీసుకుని రమ్మన్నారు. పొలిటికల్ కార్టూను అంటే కథ మధ్యలో ఆగిన ఒక్క క్షణమట. దాని ముందూ వెనకా వెతకడమే మా యానిమేషనట.

నేను రాత్రంతా కూర్చుని పన్నెండు బొమ్మలు వేశాను. మంత్రి చెయ్యి దిగుతుంది, కాయ పగులుతుంది, నీళ్ళు చెంబులో పడతాయి. మాస్టారు వరసగా చూసి, నా రైతు ఎందుకు బొమ్మలా నిలబడ్డాడని అడిగారు. ముందు రైతు కాయ వంక చూస్తాడు, తర్వాత మంత్రి మొహం వంక చూస్తాడు, నమ్మకం లేక చెంబు ఇంకాస్త ముందుకి జరుపుతాడు, ఆ తర్వాతే కాయ సంగతి అన్నారు.

"మంత్రి కదిలితే అది వార్తమ్మా. రైతు కదిలితేనే కార్టూను."

అప్పటినుంచీ నా చదువు అలాగే సాగింది. మిగతా క్లాసుల్లో సాఫ్ట్‌వేర్ మీటలు నేర్చుకునేవాళ్ళం, మాస్టారి క్లాసులో పాత కార్టూన్లు చదివేవాళ్ళం. ఒక బొమ్మ ఇచ్చి ఒక్క గీత చెరపమనేవారు. చెరిపాక కూడా మనిషి మారకపోతే ఆ గీత దండగ. అలా చెరుపుతూ పోతే చివరికి ఐదారు గీతలు మిగిలేవి, అయినా ఆ మనిషి ఎవరో తెలిసేది. సెకనుకి ఇన్నేసి ఫ్రేములు గీయలేక నేను విసుక్కుంటే, "మగ్గం ఉన్నింటి పిల్లవి, పోగు పోగుకీ విసుక్కుంటే చీర దిగుతుందా?" అనేవారు. ఆ మాట మా తాతయ్యతో చెబితే తెగ సంబరపడ్డారు.

ఆయనకి ఒక నియమం ఉండేది. బోర్డు మీద రాసే అలవాటు లేదు గానీ అది ఒక్కటే రాసి, కోర్సు అయ్యేదాకా చెరపనివ్వలేదు. "దేవుడిచ్చింది గీయకు, వాడు చేసుకున్నది గియ్యి." మరి పొడుగు ముక్కు ఉన్నవాడి మాటేమిటని ఒకతను వాదనకి దిగాడు. ముక్కు గియ్యి, అది గుర్తు కోసం, కానీ ముక్కుని చూపించి నవ్వించావంటే నీకు అతని తప్పు దొరకలేదన్నమాట అన్నారు. ఒక మంత్రిగారికి ఒక కన్ను సరిగ్గా ఉండేది కాదట. ఇరవై ఏళ్ళు ఆయన్ని చెండాడిన మాస్టారు ఒక్కసారి కూడా ఆ వైపు మొహం గీయలేదు.

మంచితనం కొద్దీ అని మేం అనుకుంటే ఆయన ఒప్పుకోలేదు. "మంచితనం కాదర్రా. కన్ను గీస్తే జనం అయ్యో పాపం అంటారు. వాడు చేసిన పని ఆ జాలి చాటున తప్పించుకుపోతుంది. వాణ్ణి అంత సులువుగా వదలనిస్తానా?" అన్నారు. మేం నవ్వాం. నేను నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఇక నడక సంగతి. యానిమేషన్‌లో మనిషి నడకే అసలు పరీక్ష. మేమెవరం చేసినా బొమ్మలన్నీ ఆగస్టు పదిహేను కవాతులా నడిచేవి. ఒకరోజు మాస్టారు మమ్మల్ని బస్టాండుకి తీసుకెళ్ళి బెంచీల మీద కూర్చోబెట్టి, మొహాలు చూడొద్దు, కాళ్ళు చూడమన్నారు. బందరు వైపు నుంచి చేపల తట్టలతో దిగిన ఆడవాళ్ళకి తల కదలదు, కదలికంతా నడుములోనే. భుజాన బట్టల మూట వేసుకున్న మనిషి మూట లేని వైపుకి వంగి నడుస్తాడు. మూట దించాక కూడా కాసేపు అలాగే నడుస్తాడని మాస్టారు చూపించారు. మా నాన్న అలా నడుస్తారని ఆ రోజు దాకా నేను గమనించనే లేదు.

మర్నాడు క్లాసులో నేను ఒక కుంటి నడక చేయబోయి అభాసుపాలయ్యాను. తెర మీద ఆ బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత మాస్టారు ఉన్నారని గుర్తొచ్చి ఊరుకున్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేచి, ఫోను తియ్యి, నన్ను వీడియో పట్టుకో అన్నారు. నా నడక కష్టం, దాన్ని పట్టుకున్నవాళ్ళు ఏ నడకైనా పట్టుకోగలరు అన్నారు.

బోర్డు దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బోర్డు దాకా. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, మడమలు కనబడేలా పంచె కాస్త పైకెత్తి ఒకసారి. పదకొండు సార్లు నడిచారు. ఇరవై మంది ముందు, డెబ్భై ఏళ్ళ మనిషి. ఆ సన్నటి కాలు అంతకుముందు మేమెవరం చూసి ఎరగం. నడుస్తూనే పాఠం చెప్పారు. "అందరూ నా ఎడమ కాలు ఆలస్యం అనుకుంటారు. కాదమ్మా. దాని మీద బరువు ఎక్కువసేపు ఆపలేను గనక కుడికాలు తొందరపడి వచ్చి దిగుతుంది. ఆ తొందర పట్టుకో, మిగతాది అదే వస్తుంది."

మూడు వారాలు పట్టింది నాకు. ఉత్త పుల్లల బొమ్మ, తల బదులు ఒక గుండ్రం. కుడికాలి తొందర దొరికిన రోజు ఆ పుల్లల మనిషి తెర మీద నడిస్తే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "వీడు నేనే" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ ఫైలుకి నేను వాక్ ఏడు అని పేరు పెట్టుకున్నాను, అది నా ఏడో ప్రయత్నం కాబట్టి.

కోర్సు అయ్యాక బెజవాడలోనే ఒక చిన్న స్టూడియోలో చేరాను. పెళ్ళి ఆహ్వానాలకి కదిలే బొమ్మలు, చీరల కొట్లకి ప్రకటనలు చేసేదాన్ని. ఆదివారాలు వీలున్నప్పుడు సత్యనారాయణపురంలో మాస్టారింటికి వెళ్ళేదాన్ని. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఆ వారం పేపర్లలో వచ్చిన కార్టూన్లని ఉతికి ఆరేసేవారు. వాళ్ళావిడ, నేను పిన్నిగారనేదాన్ని, సగం గ్లాసు కాఫీ తెచ్చేవారు. సగం తాగి, సరిపోలేదని ఇంకో సగం అడగడం మాస్టారి అలవాటు. వెళ్ళేటప్పుడు ఎంత వద్దన్నా గేటు దాకా వచ్చి సాగనంపేవారు.

ఎన్నికలొచ్చాయి. మా స్టూడియోకి ఒక పార్టీ నుంచి పని వచ్చింది. ఫోన్లలో తిప్పడానికి చిన్న చిన్న కార్టూను వీడియోలు కావాలి. నాకంటే సంతోషించినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ చీరల కొంగులు ఎగరేయడమే సరిపోయింది, ఇప్పుడు నేనూ మాస్టారి దారిలో పడ్డాననుకున్నాను. మొదటి రెండు వీడియోలు బాగానే వచ్చాయి. మూడోది అవతలి పార్టీ పెద్ద నాయకుడి మీద. ఆయనకి ఆ మధ్య పక్షవాతం వచ్చి తగ్గింది. మళ్ళీ జనంలోకొచ్చి కాలీడుస్తూ ప్రచారం చేస్తున్నాడు. నడవలేనివాడు రాష్ట్రాన్నేం నడుపుతాడు, అదీ వాళ్ళిచ్చిన విషయం. సాయంత్రానికల్లా ఇవ్వాలన్నారు.

ఆ నాయకుడి మీద చెప్పడానికి వంద ఉన్నాయి. ఆయన హయాంలో పూడిక తీయని కాలువలున్నాయి, మూతపడ్డ బడులున్నాయి. అవి వెతకాలంటే టైము పడుతుంది. నాకు కావలసింది ఒక కుంటి నడక. అది నా దగ్గర తయారుగా ఉంది. వాక్ ఏడు తెరిచి, పుల్లల మనిషికి తెల్లచొక్కా, బొజ్జ, కండువా తొడిగాను. మూడు వారాలు పట్టిన నడక పది నిమిషాల్లో అతికింది. ఆ నాయకుడు అలా నడుస్తాడో లేదో కూడా తెలియదు. ఆయన నడక ఎలా ఉంటుందో నేను చూడనే లేదు.

ఆ పూట నాకు సిగ్గు వేయలేదు. అది చెప్పకపోతే ఇదంతా రాయడం అనవసరం. మాస్టారు గుర్తుకే రాలేదు. బోర్డు మీది మాటా గుర్తు రాలేదు, పంచె పైకెత్తి పట్టుకున్న ఆ మనిషీ గుర్తు రాలేదు. నా కంటికి అది ఒక ఫైలు, అంతే. నేను నేర్చుకున్నది నాదనుకున్నాను.

రెండు రోజుల్లో వీడియో ఊరూరా తిరిగింది. మా నాన్న కొట్టుకొచ్చినవాళ్ళు చూపించుకుని నవ్వారట. బస్సులో నా ముందు సీటులో ఇద్దరు చూసి పడీపడీ నవ్వుతుంటే, అది చేసింది నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. స్టూడియో ఓనరు అందరికీ బిర్యానీ తెప్పించారు. నేను ఆదివారం తగుదునమ్మా అని మాస్టారింటికి బయల్దేరాను. ఎందుకంటారా? ఆయనకి చూపించి మెప్పు పొందుదామని.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఫోను తీయబోతుంటే, "చూశానమ్మా" అన్నారు. ఎలా ఉందండీ మాస్టారూ అని అడిగాను. ఆయన కాసేపు వీధి వైపు చూశారు. గొంతులో కోపం లేదు, క్లాసులో తప్పొప్పులు చెప్పినట్టే చెప్పారు.

"కుడికాలి తొందర బాగా పట్టావు."

అప్పటికి గాని నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. తల కొట్టేసినట్టయింది. మాస్టారు వెంటనే నాన్న ఎలా ఉన్నారు, కొట్టు ఎలా నడుస్తోంది అని అడిగారు. పిన్నిగారు కాఫీ తెచ్చారు. తేలు కుట్టిన దొంగలా ఆ కాఫీ తాగి లేచాను. ఆయన లేవలేదు. "గేటు వేసి వెళ్ళమ్మా" అన్నారు.

ఆ తర్వాత నాలుగైదు సార్లు వెళ్ళాను. ప్రతిసారీ క్షమించమని అడగాలనే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉండేవారు, వచ్చేసేదాకా కుర్చీలోనే ఉండేవారు. ఎప్పటిలాగే మాట్లాడేవారు, కార్టూన్ల మీద జోకులు వేసేవారు. కానీ నా ఎదుట ఒక్క అడుగు కూడా వేయలేదు. అలమరలో పుస్తకం కావలసి వస్తే నన్ను తెమ్మన్నారు. ఒకసారి పిన్నిగారు బయటికెళ్ళినప్పుడు లోపల ఫోను మోగింది. ఎత్తేవాళ్ళు లేరు. అది మోగి మోగి ఆగిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం, ఆయన పేపరు వైపు చూస్తూ, నేను నేల వైపు చూస్తూ.

ఆ మోత మధ్యలో చెప్పేసి ఉండవలసింది. తప్పయిపోయింది మాస్టారూ అనడానికి ఎంతసేపు పడుతుంది? మొదట ఆ వీడియో సంగతి ఆయనే ఎత్తుతారులే అనుకున్నాను. తర్వాత, మానుతున్న పుండుని నేను గెలకడం దేనికనుకున్నాను. ఇవన్నీ సాకులు. అసలు కారణం, ఆయన మొహం చూస్తూ ఆ మాట అనే ధైర్యం లేకపోవడం. చివరికి మొహం చెల్లక వెళ్ళడమే మానేశాను. ఏడాది దాటింది. బ్యాచ్‌లో ఒకతను కలిసినప్పుడు, మాస్టారు నిన్ను అడిగారు, పామర్రు అమ్మాయి బాగా చేస్తోందా అన్నారు అని చెప్పాడు. వెళ్తానన్నాను. వెళ్ళలేదు.

వెళ్ళింది ఆయన పోయిన రోజు సాయంత్రమే. మా బ్యాచ్ వాళ్ళంతా వచ్చారు. నేను లోపలికి పోకుండా ఎదురింటి అరుగు దగ్గర నిలబడ్డాను. ఆయన్ని బయటికి తెస్తుంటే అందరూ ముందుకి జరిగారు, నేను వెనక్కి జరిగాను. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. అయినా ఎవరు నా వైపు చూసినా తెలిసే చూస్తున్నారనిపించింది. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టలేదు.

నాలుగు రోజులకి పిన్నిగారు ఫోను చేశారు. వాళ్ళకి పిల్లలు లేరు, మాస్టారి తమ్ముడి కొడుకు కర్మ చేస్తున్నాడు. పెద్దకర్మ రోజున వచ్చినవాళ్ళు చూసేలా తెర మీద మాస్టారి కార్టూన్లు వేద్దామనుకుంటున్నారట. నువ్వయితే వాటిని చక్కగా కదిలించి వీడియో చేస్తావమ్మా, ఆయన శిష్యురాలివి, రా అన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళ్ళాను. ఇంట్లో చుట్టాలు ఒక గదిలో నడుం వాల్చారు. పిన్నిగారు ముందుగదిలో చాప మీద కూర్చుని శుభలేఖల కట్టలు నా ముందు పెట్టారు. ఒక్కొక్కటీ తిప్పి చూపిస్తున్నారు. ఇటు ఎవరిదో పెళ్ళి, అటు ఎవరో మంత్రి. ఇది వేసిన రోజు పప్పు మాడబెట్టాను, ఇది వేశాక ఎవరో బెదిరించారు అంటూ చెబుతున్నారు. ఏడుపు గొంతు కాదు. ఆవిడ అలా చెబుతుంటే నేనింక ఆ బొమ్మలు ముట్టుకోలేకపోయాను.

చెప్పేశాను. ఆ వీడియో చేసింది నేను, అందులో నడక మాస్టారిది, క్లాసులో నా కోసం నడిచి చూపించిన నడక, ఆయన గుర్తుపట్టారు, నేను క్షమాపణ అడగలేదు, అందుకే రావడం మానేశాను. అంతా ఒక్క ఊపులో అనేసి తల దించుకున్నాను. తిట్లు పడతాయనుకున్నాను. నిజం చెప్పాలంటే పడాలనే కోరుకున్నాను. తిట్టించుకుంటే బరువు దిగుతుందన్న స్వార్థం అందులోనూ ఉంది.

పిన్నిగారు చేతిలో శుభలేఖని ఇటూ అటూ తిప్పారు. తర్వాత, ఏ వీడియో, ఆ తెల్లచొక్కా బొజ్జాయన నడుస్తూ వచ్చేదా అని అడిగారు. అవునన్నాను.

"మా తోడికోడలు పంపించిందమ్మా అది. నేనే ఆయనకి చూపించాను. చూడండి ఎంత నవ్వొస్తోందో అని."

నేను తలెత్తాను. ఆవిడ నన్ను చూడటం లేదు, చేతిలో శుభలేఖ వైపు చూస్తున్నారు.

"నీకు నవ్వొచ్చిందా అని అడిగారు. వచ్చిందండీ అన్నాను. ఊఁ అని ఫోను ఇచ్చేశారు. ఎక్కడో చూసిన నడకలా ఉందే అనుకున్నాను గానీ..." అక్కడ ఆగారు. మళ్ళీ తనే అన్నారు, "ఆ నెలనుంచే నాతో రైతుబజారుకి రావడం మానేశారు. మోకాలి నొప్పి అన్నారు. నిజమే అనుకుని రోజూ నూనె రాశానమ్మా."

నేను నా బరువు దించుకోవడానికి వచ్చాను. దించి ఎవరి నెత్తిన పెట్టానో అప్పుడు చూశాను. మాస్టారు ఏడాదికి పైగా భార్యకి తెలియకుండా దాచినదాన్ని, ఆయన పోయిన వారానికి నేను తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాను. క్షమించండి పిన్నిగారూ అన్నాను. మాస్టారికి చెప్పవలసిన మాట అది. ఆవిడ వినిపించుకున్నారో లేదో తెలియదు. శుభలేఖలన్నీ సర్ది, రబ్బరు బ్యాండు వేసి, నా చేతిలో పెట్టారు.

"బొమ్మలు కదిలించకమ్మా. ఎలా ఉన్నవాటిని అలాగే వెయ్యి."

సరేనన్నాను. లేవబోతుంటే ఆవిడ తన ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, చుట్టాల గ్రూపులో పైకి, ఇంకా పైకి జరుపుతూ వెతకసాగారు. పెళ్ళిరోజు శుభాకాంక్షలు, దేవుడి పటాలు, ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు, అన్నీ దాటి వెళ్ళి చివరికి దొరికింది. పక్కగదిలో చుట్టాలు లేస్తారని సౌండు తీసేశారు. వీడియో మొదలైంది. తెల్లచొక్కా, బొజ్జ, కండువా. ఆవిడ ఆ చొక్కా వైపు చూడలేదు, కిందికే చూస్తున్నారు. నాలుగడుగులు పడ్డాక వేలు పెట్టి ఆపారు. కుడికాలు గాల్లో ఉంది, ఇంకా దిగలేదు. పిన్నిగారు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఫోను వెలుగు తగ్గబోయినప్పుడల్లా, ఆరిపోకుండా, అంచున వేలితో మెల్లగా తాకుతున్నారు.